ముప్ఫై ఆరు రేకులు, ఒక తారు డబ్బా

సెప్టెంబర్ 29, సోమవారం

ఉ. 6:40. నిర్ణయం తీసుకున్నాను. సిరాతో రాస్తున్నాను, చెరపడానికి వీల్లేకుండా.

1. కప్పు ఎక్కను.
2. కప్పు మీద పనిచేసేవాళ్ళకి సలహాలు ఇవ్వను.
3. ఈ రెండింటి గురించీ మారిట్‌తో అబద్ధం ఆడను.

మారిట్ నా కూతురు. ఇల్లు తనది, కింద వెనక గది నాది. రేపటినుంచి ఇంటి కప్పు మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టిస్తోంది. ఆ కప్పు వేసింది నేను. పదకొండేళ్ళ కిందట, ఆగస్టులో, ఆరు రోజుల్లో వేశాను. పెంకుల్లా వరసగా పరిచే ఒక్కో తారు షింగిల్‌కి ఆరు మేకులు కొట్టాను. నాలుగు చాలని షింగిల్స్ కట్ట మీద రాసి ఉంటుంది. కట్ట మీద రాసేవాళ్ళెవరూ మా విస్కాన్సిన్‌లో చలికాలం గడిపినట్టు లేదు.

ముప్ఫై ఎనిమిదేళ్ళు మా ఓక్లేర్ ఊళ్ళో కప్పులు వేశాను. పడింది ఒక్కసారి. అదీ కప్పు మీంచి కాదు, నిచ్చెన మీంచి. పోయినేడాది జూన్‌లో వాననీళ్ళు పోయే చూరు గట్టర్లో మేపుల్ చెట్టు గింజలు పేరుకుంటే తీస్తున్నాను. తుంటి విరిగింది. మారిట్ పని నుంచి వచ్చేదాకా రెండు గంటలు ఇంటిముందు కారు దారిలోనే పడి ఉన్నాను. ఇప్పుడు తుంటిలో నాలుగు మరమేకులున్నాయి. అన్నీ సరిగ్గా ఎముకలోకే దిగాయని డాక్టరు ఎక్స్‌రే చూపించాడు. పనిమంతుడు.

నిన్న మారిట్ మళ్ళీ అంది. "ఇంకోసారి కారు మలుపు తిప్పి నిన్ను అలా చూడలేను నాన్నా. నావల్ల కాదు." మాట ఇచ్చాను. పనివాళ్ళకి చెప్పాలనిపించిందల్లా చెప్పకుండా రాసుకోమంది. కలప అడితివాళ్ళు ఊరికే ఇచ్చిన ఈ నోటుపుస్తకం బయటికి తీశాను.

రా. 8:00. మొదటి రోజు అయింది. కప్పు ఎక్కలేదు. ఇంత తేలికని అనుకోలేదు!

సెప్టెంబర్ 30, మంగళవారం

ఉ. 7:30. వ్యాను వచ్చింది. ముగ్గురు దిగారు. మేస్త్రీ ఒక అమ్మాయి. పేరు పాకూ షియోంగ్. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. శనివారం సంతలో నేను పచ్చిమిరపకాయలు కొనేది వాళ్ళమ్మ దగ్గరేనట. ఆ అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. నేను మిరపకాయల్ని తప్ప ఎవర్నీ గుర్తుపట్టను.

మేస్త్రీగా తనకిది మొదటి కప్పట. ఇది బాగా కుదిరితే ఇకమీదట తనని మేస్త్రీగానే పంపుతామని కంపెనీ ఓనరు చెప్పాడట. దాచుకోకుండా చెప్పింది.

ఉ. 7:45. పచ్చికలో కుర్చీ వేసుకున్నాను. పచ్చిక కప్పు కాదు. దగ్గరున్నవి: ఫ్లాస్కులో కాఫీ, టోపీ, జింకల వేటకి కొన్న బైనాక్యులర్స్, ఈ పుస్తకం.

ఉ. 9:10. షింగిల్స్ కింద వాసాలు ఎక్కడున్నాయో వెతుకుతున్నారు. ప్యానెళ్ళని మోసే అల్యూమినియం కాళ్ళు ముప్ఫై ఆరు. ప్రతి కాలి మరమేకూ వాసంలోకి దిగాలి. తప్పితే కింద ఉత్త పలక, గాలికి ఊడొస్తుంది. పాకూ సుత్తితో తడుతూ చెవి ఆనించి వింటోంది. పొగగొట్టం దగ్గర ఒక వాసం రెండంగుళాలు పక్కకి జరిగి ఉంటుంది. అది నాకు తెలుసు. ఆ అమ్మాయికి తెలియదు. చెప్పలేదు. రాస్తున్నాను.

ఉ. 9:40. చెప్పలేదు.

ఉ. 10:05. నిచ్చెన దిగి, ఇంట్లో అటక మీదికెక్కి టేపుతో కొలుచుకుని వచ్చింది. రెండంగుళాల సంగతి పట్టేసింది. నేను సంతోషించాలి. కాసేపయ్యాక సంతోషిస్తాను.

సా. 5:00. పక్కింటి డువేన్ ప్రోకాప్ కంచె దగ్గరికి వచ్చాడు. టైర్ల ఫ్యాక్టరీలో రిటైరయ్యాడు, అప్పట్నుంచీ కంచె దగ్గరే ఉద్యోగం. "ఏరా వెర్లిన్, ఎవరైనా పోయారా, అలా కూర్చున్నావు?" అన్నాడు. విశ్రాంతి తీసుకుంటున్నానన్నాను. బైనాక్యులర్స్ ఒకసారి ఇమ్మని, అర్ధగంట తర్వాత తిరిగిచ్చాడు.

అక్టోబర్ 1, బుధవారం

ఉ. 8:15. డ్రిల్లు మొదలైంది. నా కప్పులో కన్నాలు పడుతున్నాయి. లెక్కపెడుతున్నాను.

ఉ. 10:30. పదిహేడో కన్నం వాసాన్ని తప్పింది. డ్రిల్లు ఒక్కసారిగా సర్రున లోపలికి జారింది. ఆ చప్పుడు నిద్రలో విన్నా గుర్తుపడతాను. పాకూ ఆగింది. మిగతా ఇద్దరినీ పిలిచి ఇది తప్పింది అని చూపించింది. కన్నం నిండా నీరు దిగనివ్వని సీలెంట్ జిగురు నింపి, పై షింగిల్ ఎత్తి కింద ఒక రేకు తోసి, అప్పుడు పక్కన మళ్ళీ కన్నం వేసింది. పావుగంట పట్టింది. నేను కూడా నా రోజుల్లో చాలా వాసాలు తప్పాను. వాటిలో ఎన్నింటికి రేకు తోశానో ఇక్కడ రాయడం అనవసరం.

మ. 2:00. స్పష్టత కోసం ఒక మాట. నిచ్చెన మొదటి మెట్టు కప్పు కాదు. ఆకాశం వెలుతురు అడ్డొచ్చి బైనాక్యులర్స్‌లో సరిగ్గా కనిపించకపోతే మొదటి మెట్టెక్కి చూశాను. రెండోది కూడా కప్పు కాదు.

సా. 5:30. పొద్దంతా ఏం చేశావని మారిట్ అడిగింది. కుర్చీలో కూర్చున్నానని చెప్పాను. ఎక్కువసేపు అక్కడే ఉన్నాను కాబట్టి ఇది నిజమే.

అక్టోబర్ 2, గురువారం

ఉ. 8:00. ఇవాళ రేకులు. వాన నీరు లోపలికి దిగకుండా కాపాడేది ఈ రేకులే. సన్నని ఇనుపపట్టీతో పై రెండు వరసల షింగిల్స్ మెల్లగా లేపి, కింద రేకు జొనిపి, దాని మీద కాలు పెట్టి మరమేకు బిగిస్తారు. చలికి షింగిల్స్ బిరుసెక్కి ఉంటాయి, తొందరపడితే విరుగుతాయి. పాకూ ఒక్కటీ విరగ్గొట్టలేదు.

ఉ. 10:50. ఒక సంగతి గమనించాను. రేకు అడుగున సీలెంట్ పూస్తున్నారు, బాగానే ఉంది. పైఅంచుకి పూశారు. రెండు పక్కలా పూశారు. కింది అంచుకి లేదు. కింద మేకు మందాన సందు. మొదటిదానికి మర్చిపోయారనుకున్నాను. రెండోదానికీ అంతే. మూడోదానికీ అంతే.

ఉ. 11:20. లేచాను. ప్రశ్న అడగడం సలహా ఇవ్వడం కాదు. కింది అంచుకి తారు పెట్టలేదేమని కేకేసి అడిగాను. మేస్త్రీలు మామూలుగా పైనుంచే జవాబిస్తారు. ఈ అమ్మాయి దిగొచ్చి నా ఎదురుగా నిలబడి చెప్పింది.

"అది కావాలనే వదిలేస్తాం పెద్దాయనా. మూడు వైపులా మూస్తాం, దిగువన వదులుతాం. ఎంత చేసినా ఎక్కణ్ణుంచో కాస్త నీరు దూరుతుంది. దూరిన నీటికి బయటపడే దారుండాలి గదా."

మా మేస్త్రీ ఆర్విల్ సందు కనిపిస్తే చాలు తారు మెత్తేవాడని చెప్పాను. ఆయన దగ్గర తొమ్మిదేళ్ళు పనిచేశానని కూడా చెప్పాను. ఆ అమ్మాయి మర్యాదగా విని, ఆయన వేసిన కప్పులు కారేవి కావా అని అడిగింది. మాట మార్చాను. కారేవి.

నేను పైకెక్కి చూడకపోవడానికి కారణం కూడా చెప్పాను. తుంటి, కారు దారి, మారిట్‌కి ఇచ్చిన మాట, అన్నీ చెప్పాను. మంచి మాట ఇచ్చారు, నిలబెట్టుకోండి అని చెప్పి పైకెళ్ళిపోయింది.

సా. 6:00. నోట్: ప్రశ్నలడగడానికి రెండో నియమంలో వీలుందా లేదా అనేది రాసినప్పుడే తేల్చుకోవాల్సింది.

అక్టోబర్ 3, శుక్రవారం

ఉ. 11:00. ముప్ఫై ఆరు కాళ్ళూ పూర్తయ్యాయి. ప్యానెళ్ళ లారీ మంగళవారం దాకా రాదట. పాకూ నిచ్చెన పైకొనని చూరుకి తాడుతో కట్టేసి అక్కడే ఉంచి వెళ్ళింది. నిచ్చెన అక్కడే ఉంది. ఊరికే రాస్తున్నాను.

మ. 3:00. రేడియోలో చెప్పారు. ఆదివారం రాత్రి నుంచి వాన, పడమటి గాలి. మా కప్పు వాలు పడమటివైపు.

సా. 6:30. చేపల వేపుడు తినడానికి వెళ్ళాం. మా వైపు శుక్రవారం రాత్రి అందరూ చేపలే తింటారు, ఊరంతా అక్కడే ఉంది. మారిట్ ఇద్దరికీ బ్రాందీ కలిపిన పానీయం తెప్పించింది. "ఐదు రోజులయింది నాన్నా. నువ్వు ఉండలేవనుకున్నా. ఇవాళ పని దగ్గర నీ గురించి ఒక్కసారి కూడా భయపడలేదు." అలా చెప్తుంటే దాని మొహానికి పదేళ్ళు వయసు తగ్గినట్టుంది. వాళ్ళమ్మ పోయినప్పటినుంచీ అలా నవ్వగా చూడలేదు. నాకు చాలా గర్వంగా అనిపించింది.

చేప బాగుంది. క్యాబేజీ తురుము బాగుంది. ముప్ఫై ఆరు సందులు.

అక్టోబర్ 4, శనివారం

ఉ. 8:00. మారిట్ మందుల షాపులో పనికి వెళ్ళింది. నాలుగింటికి గానీ రాదు.

ఉ. 8:30. ప్రశాంతంగా ఆలోచించుకోవడానికి రాసుకుంటున్నాను.
ఎక్కకపోవడానికి కారణాలు: మాట ఇచ్చాను.
ఎక్కడానికి కారణాలు: వాన. గాలి. పాకూకి మొదటి కప్పు, అనుభవం లేదు. కారితే పేరు పోయేది పాపం తనకే. అంటే ఇది ఆ పిల్లకి సాయం.

ఉ. 9:00. గరాజ్‌లో తారు డబ్బా కనిపించింది. ఎండిపోయిందేమో చూద్దామని మూత తీశాను. ఎండిపోలేదు.

ఉ. 9:25. మూడో మెట్టు. పైనుంచి గాలి ఎటు వీస్తోందో చూడటానికి.

ఉ. 9:35. చూరు. చూరంటే కప్పు అంచు. అంచుని కప్పు అనరు.

ఉ. 9:40. కప్పు.

పదహారు నెలలయింది. మోకాళ్ళ కింద షింగిల్స్ మీది గరుకు రవ్వ తగలగానే ఒళ్ళు తేలికైపోయింది. దాచడమెందుకు, ఆనందంగా ఉంది. నా మేకుల వరసలు అలాగే తిన్నగా ఉన్నాయి. పాకూ రేకుల్ని దగ్గరగా చూశాను. చాలా శుభ్రమైన పని. కింది సందు తప్ప.

ఉ. 10:15. కింది వరసతో మొదలుపెట్టాను. మొదటి రేకు కింది అంచు తారుతో మూశాను. ఇప్పుడు చూడటానికి పద్ధతిగా ఉంది.

ఉ. 10:50. డువేన్ కంచె దగ్గరికి వచ్చాడు. చాలాసేపు పైకి చూశాడు. "ఏరా, నీ కూతురు నిన్ను చంపి పాతేస్తుంది" అన్నాడు. "నేనైతే ఏమీ చూడలేదు. ఎవరడిగినా చూడలేదు." లోపలికి పోబోతూ ఆగి, ఎడమ చివరది వదిలేశావని గుర్తుచేశాడు. నిజమే, వదిలేశాను.

మ. 12:45. డబ్బా ఖాళీ. పధ్నాలుగు రేకులు అయ్యాయి. కింది వరస మొత్తం, పై వరసలో రెండు. ఇంకా ఇరవై రెండు మిగిలాయి. దిగేటప్పుడు తుంటి ఒకసారి పట్టేసింది. మెట్టు మీద కాసేపు నిలబడ్డాను. అంతే.

మ. 1:30. చేతులు కిరసనాయిలుతో కడిగాను. ప్యాంటు చెత్తబుట్ట అడుక్కి తోశాను.

సా. 4:20. మారిట్ తలుపు తీయగానే ఏంటీ కిరసనాయిలు వాసన అంది. డువేన్ గడ్డి కోసే మిషన్ బాగుచేశామని చెప్పాను. మిషన్ల గురించి మీ ఇద్దరికీ ఏం తెలుసని నవ్వింది. నేనూ నవ్వాను.

సా. 4:30. నియమాలు మూడు. పోయినవి మూడు. శనివారం ఇంకా అయిపోలేదు.

అక్టోబర్ 5, ఆదివారం

ఉ. 9:00. తుంటి నొప్పిగా ఉందని చర్చికి వెళ్ళలేదు. ఇది నిజం. చాలా రోజుల తర్వాత మారిట్‌తో నిజం చెప్పాను, హాయిగా ఉంది. వేడినీళ్ళ సంచి పెట్టి వెళ్ళింది.

మ. 2:00. కలప అడితి ఆదివారం మూసేస్తారు. లేకపోతే ఇంకో డబ్బా తెచ్చేవాణ్ణి.

సా. 6:00. పడమట నల్లగా ఉంది. రానీ. పధ్నాలుగింటికి భయం లేదు.

అక్టోబర్ 6, సోమవారం

ఉ. 5:50. వాన. చక్కని వాన, గాలితో. పడుకుని విన్నాను.

ఉ. 7:15. మారిట్ పైనుంచి పిలిచింది. దాని పడకగదిలో కారుతోంది. మంచానికి అడుగు దూరంలో కారుతోంది. బాల్చీ పెట్టాం. సీలింగ్ మీద పళ్ళెమంత గోధుమరంగు మరక. నేను వేసిన కప్పు కింద పదకొండేళ్ళలో ఒక్క చుక్క పడలేదు.

మొదటి ఆలోచన నిజాయితీగా రాస్తున్నాను: నేను చెప్పానా. వదిలేసిన ఆ ఇరవై రెండూ కారుతున్నాయి. నాలుగు రోజులుగా ఇంత తృప్తి కలగలేదు.

ఉ. 7:40. మారిట్ టార్చిలైటు తీసుకుని అటక ఎక్కింది. నేను కింద నిలబడి ఎక్కడెక్కడ తడిగా ఉందో చెప్పమన్నాను. అది మేకు మొనలు చూసుకుంటూ చెప్తుంటే నేను కాయితం మీద గుర్తులు పెట్టాను. చూరు వైపు వరస తడి. పై వరసలో రెండుచోట్ల తడి. మిగతావి?

పొడిగా ఉన్నాయంది.

మళ్ళీ చూడమన్నాను. మళ్ళీ చూసింది. పొడి. ముట్టుకుని చూడమన్నాను. ముట్టుకుంది. ఇరవై రెండూ పొడి.

ఉ. 8:10. నా గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. నాకిప్పుడు తెలుస్తోంది. గాలికి నీరు పక్కలనుంచి కాస్త దూరింది, పాకూ చెప్పినట్టే. కింద దారి నేను మూసేశాను. అది తారు గట్టు వెనక నిలిచి, పక్కకి నడిచి, షింగిల్స్ మేకుల దగ్గర దిగింది. షింగిల్‌కి ఆరు మేకులు కొట్టాను కదా, దిగడానికి చోట్లకి లోటు లేదు.

ఉ. 8:30. మారిట్ పాకూకి ఫోన్ చేసింది. రేపు ఓనరుతో కలిసి వస్తారట.

అక్టోబర్ 7, మంగళవారం

ఉ. 10:00. వాన తగ్గింది. ఓనరు వచ్చాడు. మాటతీరు మెత్తగా ఉంది, మొహం మాత్రం అలా లేదు. ఇద్దరూ పైకెక్కారు. మారిట్, నేను పచ్చికలో నిలబడ్డాం. ఇవాళ కుర్చీ వేసుకోలేదు.

ఉ. 10:20. దిగారు. ఓనరు చేతితొడుగు నిండా నల్ల తారు. రేకు కింద ఇది ఎవరు పూశారని పాకూని అడిగాడు. ఇలా దిగువ అంచు మూయడం మొదటి వారంలోనే వద్దని నేర్పిస్తాం కదా అన్నాడు. మారిట్ వింటోంది.

పాకూ నావైపు చూసింది. మొహం వైపు కాదు, చేతులవైపు. గోళ్ళ కింద తారు కిరసనాయిలుకి పోదు.

అప్పుడు ఓనరుతో అంది. "ఇది నా కప్పు. నా పూచీ. నేనే సరిచేస్తాను."

ఓనరు తల ఊపాడు. ప్యానెళ్ళు ఎక్కించేలోపు సరిచెయ్యమన్నాడు. వచ్చే వారం మొదలయ్యే ఇంటికి మాత్రం ఇంకొకర్ని మేస్త్రీగా పంపుతానన్నాడు. కోపంగా అనలేదు. వేళకి భోజనం చెయ్యమన్నంత మామూలుగా అన్నాడు. పాకూ సరేనంది.

నేను ఫ్లాస్కు మూత బిగించాను. బిగించి ఉన్నదాన్నే మళ్ళీ బిగించాను.

ఉ. 10:40. వ్యాను దగ్గరికి వెళ్ళి ఎందుకు చెప్పలేదని మెల్లగా అడిగాను. తాడు చుట్టుకుంటూ ఉంది, తల ఎత్తలేదు. "అది నేను చెప్పాల్సిన మాట కాదు పెద్దాయనా" అంది.

మ. 3:00. చెప్పకపోవడానికి కారణాలు:
1. పాకూ చిన్నది. ఇంకా చాలా కప్పులున్నాయి.
2. మారిట్ శుక్రవారం నవ్వింది. ఆ నవ్వు పోతుంది.
3. తారు ఇంకెవరైనా పూసి ఉండొచ్చు. డువేన్. ఉడతలు.

మ. 3:20. మూడోది కొట్టేశాను. డువేన్‌కి నిచ్చెన ఎక్కడం రాదు.

సా. 7:00. మారిట్ భోజనం దగ్గర, ఆ అమ్మాయి మీద నమ్మకం పెట్టుకున్నానంది. అంత శ్రద్ధగా కనిపించిన మనిషి అలా ఎలా చేసిందోనంది. నేను బంగాళాదుంపలు ఇంకొంచెం వడ్డించుకున్నాను. నేను పిరికివాణ్ణని ఇంతకుముందు తెలియదు. ఎత్తులంటే భయం లేకపోతే పిరికితనం లేదనుకునేవాణ్ణి.

అక్టోబర్ 8, బుధవారం

సా. 6:00. చెప్పేశాను.

నోటితో మొదలుపెట్టాను. కుదరలేదు. ఈ పుస్తకం తెచ్చి బల్ల మీద దాని ముందు పెట్టాను. నాలుగో తారీఖు చూడమన్నాను. అది మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. నేను ఎదురుగా కూర్చున్నాను. పేజీలు తిప్పడం విన్నాను. మొదటి మెట్టు దగ్గర ఆగింది. చేపల వేపుడు దగ్గర చాలాసేపు ఆగింది. చెత్తబుట్టలోని ప్యాంటు దగ్గర మాత్రం ముక్కుతో ఒక చప్పుడు చేసింది. నవ్వో కాదో తెలియలేదు.

మూసేసి, ఎందుకు నాన్నా అంది.

ఆ మాట రాయలేదు కాబట్టి నోటితోనే చెప్పాల్సి వచ్చింది. నాకు ఇల్లు లేదు, నీకివ్వడానికి ఇంకేమీ లేదు, నీ నెత్తిమీద నేను కట్టింది ఆ కప్పొక్కటే, నేను పోయాక కూడా అది కారకూడదు అని చెప్పాను.

మారిట్ కళ్ళు తుడుచుకోలేదు. అలాగే చూసింది.

"కప్పు కారితే కింద బాల్చీ పెట్టుకుంటాను నాన్నా. నువ్వు పడిపోతే నేనేం పెట్టుకోను?"

ఓనరు నంబరు వెతకడానికి లేచాను.

సా. 6:50. ఓనరుకి నేనే ఫోన్ చేశాను. తారు పూసింది నేనని, తేదీ, వేళ, రేకుల లెక్క చదివి వినిపించాను. పైన కూర్చుని ఇవన్నీ రాసుకున్నారా అని అడిగాడు. దిగాక రాసుకున్నానన్నాను. వచ్చే వారం ఇంటికి పాకూనే మేస్త్రీగా పంపుతానన్నాడు. ఈ రిపేరుకి మాత్రం పాకూ తప్ప ఇంకెవర్నీ పంపలేనన్నాడు. అది న్యాయమే.

సా. 7:10. పాకూకి కూడా చేశాను. చెప్పేశానన్నాను. మంచిదంది. రేపు ఎనిమిదింటికి వస్తానంది, గీకడానికి ఇంకో రెండు చేతులుంటే మధ్యాహ్నానికల్లా అయిపోతుందంది. నా చేతులు అని నోటిదాకా వచ్చింది. మారిట్ ఫోను లాక్కుని, తను సెలవు పెడతానంది.

అక్టోబర్ 9, గురువారం

ఉ. 8:20. మారిట్ ఎక్కింది.

నడుముకి పట్టీ కట్టారు. పట్టీకి తాడు, తాడు కప్పు పైఅంచున ఉండే కొప్పుకి. పాకూ నాలుగుసార్లు లాగి చూసింది. అన్నీ సక్రమంగా ఉన్నాయి. నిచ్చెన పట్టుకోవడం నా పని. వేళలు గుర్తుపెట్టుకుని, మధ్యాహ్నం రాస్తున్నాను.

ఉ. 8:30. ఎడమ కాలు సరిగ్గా పెట్టడం లేదు.

ఉ. 8:40. మోకాలి మీద కూర్చుంది. మంచిది. చెప్పాలా? చెప్పలేదు.

ఉ. 9:15. చూరు దాటి పైవరసకి పోయింది, ఇక్కణ్ణుంచి కనిపించడం లేదు. ఇనుపపట్టీ గీకుడు వినిపిస్తోంది. చప్పుడు ఆగితే నా గుండె ఆగుతోంది. మళ్ళీ మొదలైతే మళ్ళీ కొట్టుకుంటోంది. ఇలా రెండు వందలసార్లు జరిగి ఉంటుంది.

ఉ. 9:50. డువేన్ కాఫీ తెచ్చాడు. చేతులు తీయలేనన్నాను. ఆ నిచ్చెన తాడుతో కట్టే ఉంది కదరా అన్నాడు. నాకు తెలుసు. తీయలేనన్నాను. కాఫీ కప్పు నా నోటి దగ్గర పట్టుకున్నాడు, రెండు గుక్కలు తాగాను.

ఉ. 10:10. పైన ఏదో దొర్లింది. పచ్చికలో పడింది. తారు బెడ్డ. నా నోట్లోంచి కేక వచ్చింది. ఏం కాలేదు నాన్నా అని పైనుంచి వినిపించింది. కోపమొచ్చింది నాకు.

పోయినేడాది అది కారు మలుపు తిప్పినప్పుడు ఎలా ఉండి ఉంటుందో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. పడినవాణ్ణి నేను కదా, కష్టం నాదే అనుకున్నాను.

మ. 12:20. దిగింది. చెంప మీద తారు, జుట్టులో తారు. పధ్నాలుగు అంచులూ శుభ్రం. పాకూ ఒక్కో రేకు కిందా వేలు పెట్టి చూసి, బాగా గీకిందని మెచ్చుకుంది. చెయ్యి తిరిగినవాళ్ళ మాదిరిగా ఉందట.

దాని భుజం పట్టుకుని నిలబడ్డాను, అంతే. మారిట్ మాత్రం ఇంకా పైకే చూస్తోంది.

"అక్కణ్ణుంచి నది కనిపిస్తుంది నాన్నా. వంతెన దాకా. పదకొండేళ్ళయింది, నాకెప్పుడూ చెప్పలేదేం?"

అక్టోబర్ 10, శుక్రవారం

ఉ. 6:40. కొత్త పేజీ. సిరాతో.

1. కప్పు ఎక్కను.
2. మారిట్‌ని ఎక్కనివ్వను. వచ్చే వారం పైవరసలో ఒకసారి చూసొస్తానంటోంది. ఏం చూడాలో అడిగితే చెప్పడం లేదు.

ఉ. 7:30. పాకూ మనుషులు ప్యానెళ్ళు ఎత్తుతున్నారు. నేను వంటింట్లో ఉన్నాను. కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను.

ఉ. 7:50. మారిట్ కాఫీ పోస్తూ, పైన వేసుకోవడానికి ఎలాంటి బూట్లు మంచివని మామూలుగా అడిగింది. వినిపించనట్టు ఊరుకున్నాను. రొట్టెకి వెన్న రాసుకున్నాను.

ఉ. 7:55. మెత్తని రబ్బరు అడుగున్నవి, మడమ లేనివి. గట్టి అడుగువి షింగిల్ మీద జారతాయి. కొత్తవైతే రెండు రోజులు నేలమీద నడిచి, రవ్వ పట్టేలా అరగదీసి అప్పుడు ఎక్కాలి. ఎడమ కాలు పక్కకి తిప్పి పెట్టాలి, నిన్న పెట్టినట్టు కాదు. లేచి వంటింటి నేలమీద చేసి చూపించాను.

ఉ. 8:10. రెండో నియమం పోయింది. మొదటిది ఉంది. ఇవాళ మొదటి రోజు.